చిత్రం మన ఊరికి వచ్చిన దారి: ఉపగ్రహ టెలివిజన్ నుండి ఆన్‌లైన్ వీడియో వరకు



మీలో చాలామంది ఈ రోజు ఒక్క వీడియో అయినా చూసే ఉంటారు. అది పాఠం కావచ్చు, సినిమా పాట కావచ్చు, క్రికెట్ ఆటలో చివరి ఓవర్ కావచ్చు. చూసిన దాని గురించి మనం స్నేహితులతో మాట్లాడుకుంటాం. కాని అది మన చేతిలోని ఫోన్ దాకా ఎలా వచ్చిందో అంతగా ఆలోచించం. ఈ పాఠంలో ఆ దారి చరిత్రను తెలుసుకుందాం.

ఏ వీడియో గురించైనా మూడు ప్రశ్నలు వేసుకోవచ్చు. దానిని ఎవరు తీశారు? అది చూసేవారి దగ్గరకు ఎలా చేరింది? ఇన్ని వీడియోలుండగా అదే మన కంట ఎందుకు పడింది? మొదటిది నిర్మాణం, రెండవది పంపిణీ, మూడవది ప్రచారం. గత 50 ఏళ్లలో ఈ మూడింటి సంగతి పూర్తిగా మారిపోయింది. వీటితోపాటు నాలుగవది ఒకటి మారింది. దాని సంగతి పాఠం చివర చెప్పుకుందాం.

1975: ఆకాశం నుండి వచ్చిన పాఠం

మన కథ 1975 ఆగస్టు 1న మొదలవుతుంది. ఆ రోజున భారతదేశంలో ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం ప్రారంభమయింది. దీనినే సంక్షిప్తంగా 'సైట్' అంటారు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని మన దేశానికి ఒక సంవత్సరం పాటు ఇచ్చింది. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఆ ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2400 గ్రామాలకు కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. ఆ రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్. ఆంధ్రప్రదేశ్‌కు కావలసిన తెలుగు కార్యక్రమాలను తయారు చేయడానికి హైదరాబాద్‌లో ఒక నిర్మాణ కేంద్రం ఏర్పడింది.

అప్పటికి మన గ్రామాలలో చాలావాటికి టెలివిజన్ అంటే ఏమిటో తెలియదు. ఊళ్లో అందరికీ కలిపి ఒకే పెట్టె. ఇంటి పైకప్పు మీదనో, బడి ఆవరణలోనో సుమారు మూడు మీటర్ల వెడల్పు గల గొడుగు లాంటి యాంటెన్నా. దానిని కోళ్ల దొడ్లకు కట్టే ఇనుప వలతో తయారు చేశారు. ఖర్చు తగ్గించడానికి మన ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయం అది. ఉదయం బడి పిల్లలకు గంటన్నర, సాయంత్రం పెద్దలకు రెండున్నర గంటలు ప్రసారాలు ఉండేవి. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ సంక్షేమం, విజ్ఞానశాస్త్రం ముఖ్యాంశాలు.

పొరుగు దేశానికి చెందిన ఒక ఆసక్తికరమైన విషయం ఇక్కడ చెప్పుకోవాలి. ఉపగ్రహాల ద్వారా ప్రపంచమంతటికీ ప్రసారాలు చేయవచ్చునని 1945లోనే రాసిన రచయిత ఆర్థర్ సి. క్లార్క్ అప్పుడు శ్రీలంకలో నివసిస్తున్నారు. మన అంతరిక్ష సంస్థ ఇంజనీర్లు కొలంబోలోని ఆయన ఇంటికి వెళ్లి ఈ యాంటెన్నా ఒకటి బిగించి వచ్చారు. తన ఊహ నిజమై తన ఇంటి తెర మీదనే కనబడడం ఏ రచయితకైనా అరుదైన అనుభవమే కదా!

ఈ ప్రయోగంలో మన మూడు ప్రశ్నలకూ సమాధానం ఒకటే. తీసినది ప్రభుత్వ సంస్థలు, చేర్చినది ప్రభుత్వమే, ఏది చూపాలో నిర్ణయించినదీ ప్రభుత్వమే. చూసేవారికి ఎంపిక లేదు. ఇష్టం లేకపోతే లేచి వెళ్లిపోవడమే. అయితే ఒక మంచి పని జరిగింది. సామాజిక శాస్త్ర పరిశోధకులు ఎంపిక చేసిన గ్రామాలలో కాపురముండి, కార్యక్రమాలు చూసినవారిని నేరుగా కలుసుకున్నారు. ఏమి చూశారు, ఏమి అర్థమయింది, ఏమి ఆచరించారు అని విచారించారు. ఈ విషయాన్ని గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరకే వస్తాం.

1976 జూలై 31న ప్రయోగం ముగిసింది. దాని అనుభవం మాత్రం వృథా కాలేదు. 1984 ఆగస్టు 15న విశ్వవిద్యాలయ నిధుల సంఘం దూరదర్శన్ ద్వారా కళాశాల విద్యార్థులకు పాఠాలు ప్రారంభించింది. 2000 జనవరి 26న జ్ఞానదర్శన్ వచ్చింది. 2004 సెప్టెంబర్ 20న కేవలం విద్య కోసమే తయారైన ఎడ్యుశాట్ ఉపగ్రహం శ్రీహరికోట నుండి నింగికి ఎగసింది. ఈ వరుసలో నిర్మాణం నానాటికీ పెరిగింది. కాని దారి మాత్రం పైనుండి కిందికే, ఒకవైపే.

చిత్రం ఎంత బరువు?

ఇక తీగల మీదుగా వచ్చిన రెండవ దారిని చూద్దాం. మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న అందుబాటులోకి వచ్చింది. టెలిఫోన్ తీగకు మోడెమ్ తగిలించి వాడుకోవాలి. ఆ దారిలో వీడియో పంపడం ఎంత కష్టమో చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు.

అడ్డంగా 640, నిలువుగా 480 చుక్కలున్న చిత్రాన్ని తీసుకోండి. మొత్తం 3,07,200 చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగు చెప్పడానికి 3 బైట్లు. సెకనుకు 25 చిత్రాలు. అంటే ఒక్క సెకను వీడియోకు సుమారు 2 కోట్ల 30 లక్షల బైట్లు, అనగా 18 కోట్ల 40 లక్షలకు పైగా బిట్లు. ఆ రోజుల్లోని వేగవంతమైన మోడెమ్ సెకనుకు 56,000 బిట్లు మాత్రమే మోయగలదు. భాగించి చూడండి. ఒక్క సెకను వీడియో రావడానికి సుమారు 55 నిమిషాలు పడుతుంది!

మరి ఇప్పుడు ఎలా వస్తోంది? తీగలు, తరంగాలు వేగవంతమైన మాట నిజమే. కాని అంతకంటే ముందే చిత్రం బరువును తగ్గించిన గణితం ఒకటి ఉంది. దానిని కనుగొన్నవారిలో మొదటి వ్యక్తి 1940లో బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్. అమెరికాలోని కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పని చేస్తూ 1972లో ఆయన ఒక ఆలోచన చేశారు. పరిశోధనకు సాయం చేయమని అక్కడి జాతీయ విజ్ఞాన సంస్థకు దరఖాస్తు పెట్టారు. ఆలోచన మరీ సులభంగా ఉందంటూ దానిని తిరస్కరించారు. ఆయన ఆగిపోలేదు. తన విద్యార్థి టి. నటరాజన్, మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివి అమెరికా వెళ్లిన కమిశెట్టి రామమోహనరావు గార్లతో కలిసి 1974 జనవరిలో ఆ పద్ధతిని ప్రచురించారు. దాని పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్.

పేరు చూసి భయపడవద్దు. సూత్రం సులభమే. చిత్రాన్ని చిన్న చిన్న గళ్లుగా విడదీస్తారు. ఒక్కొక్క గడిలోని వెలుగునీడలను నెమ్మదిగా మారే భాగాలు, చకచకా మారే భాగాలుగా విడగొడతారు. చకచకా మారే సూక్ష్మభేదాలను మన కన్ను అంతగా పట్టించుకోదు. కాబట్టి వాటిలో చాలావరకు వదిలేయవచ్చు. దీనికి మరొక ఉపాయం తోడయింది. వార్తలు చదివేటప్పుడు చదువరి పెదవులు కదులుతాయి గాని వెనక ఉన్న తెర కదలదు. కదలని దానిని మళ్లీ మళ్లీ పంపడం ఎందుకు? మారిన భాగాన్నే పంపితే చాలు. ఈ రెండు ఉపాయాల వల్ల సెకనుకు 18 కోట్ల బిట్ల చిత్రం 10 లక్షల బిట్లలోకి ఒదిగింది. 1988 నుండి వచ్చిన ముఖ్యమైన వీడియో ప్రమాణాలలో చాలావాటికి ఈ గణితమే ఆధారం. మీ ఫోన్‌లో కదిలే బొమ్మ వెనుక బెంగళూరు, మద్రాసులలో చదువుకున్నవారి శ్రమ ఉందన్న మాట.

ఎవరైనా తీయవచ్చు

1991లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో కొందరు పరిశోధకులు కాఫీ కూజా ఎదుట ఒక కెమెరా పెట్టారు. కూజా ఖాళీగా ఉందో నిండుగా ఉందో తమ బల్ల దగ్గర నుండే చూసుకోవడం కోసం. 1993లో ఆ బొమ్మను వెబ్‌లోకి ఎక్కించారు. ప్రపంచమంతా ఆ కూజాను చూసింది! కూజాను చూడవలసిన అవసరం ఎవరికీ లేదు. అయినా చూశారు. చూడాలనే కుతూహలం మనిషిలో ఎంత బలంగా ఉంటుందో ఆనాడే తెలిసింది.

2005లో చాడ్ హర్లీ, స్టీవ్ చెన్, జావేద్ కరీమ్ అనే ముగ్గురు యువకులు యూట్యూబ్ ప్రారంభించారు. జావేద్ కరీమ్ తండ్రి బంగ్లాదేశ్‌కు చెందిన శాస్త్రవేత్త. 2005 ఏప్రిల్ 23న అందులో చేరిన మొదటి వీడియోలో కనబడేది జావేదే. జంతు ప్రదర్శనశాలలో ఏనుగుల ముందు నిలబడి కొద్ది మాటలు మాట్లాడతాడు. మొత్తం 20 సెకన్ల లోపే. దానికి స్టూడియో లేదు, దీపాలు లేవు, ఎవరి అనుమతీ లేదు. మరుసటి సంవత్సరం అక్టోబరులో గూగుల్ సంస్థ ఆ చిన్న కంపెనీని 165 కోట్ల డాలర్లకు కొనుగోలు చేస్తున్నట్లు ప్రకటించింది. అది కొన్నది వీడియోలను కాదు, వీడియోలు వచ్చే దారిని.

ఆ దారి పనిచేసే తీరు చౌక ధరల దుకాణం లాంటిది. బియ్యం ఒకే పెద్ద గోదాములో ఉంటే ఊరూరి జనం అక్కడికి పోలేరు. అందుకే ప్రతి ఊళ్లో దుకాణం పెట్టి ముందే నిల్వ చేస్తారు. అలాగే ఎక్కువమంది అడిగే వీడియో నకళ్లను నగరాలలోని సర్వర్లలో ముందుగానే ఉంచుతారు. వీడియోను కొద్ది సెకన్ల ముక్కలుగా కోసి, ప్రతి ముక్కనూ రకరకాల నాణ్యతలతో సిద్ధం చేస్తారు. సిగ్నల్ బాగుంటే స్పష్టమైన ముక్క, బలహీనంగా ఉంటే మసక ముక్క వస్తుంది. బస్సు ఊరు దాటగానే బొమ్మ మసకబారడం మీరు గమనించే ఉంటారు. కారణం ఇదే.

మన దేశంలో ఈ దారి విశాలమైనది 2016 తర్వాతనే. ఆ సంవత్సరం సెప్టెంబర్ 5న జియో సేవలు మొదలై, కొన్ని నెలలు డేటా ఉచితంగా అందింది. మిగిలిన కంపెనీలూ ధరలు తగ్గించక తప్పలేదు. టెలికాం నియంత్రణ సంస్థ లెక్క ప్రకారం 2014లో ఒక జీబీ డేటాకు సగటున సుమారు 269 రూపాయలు అయ్యేది. 2018 నాటికి అది సుమారు 12 రూపాయలకు పడిపోయింది. 2023 నవంబర్ 19న క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో చూసినవారి సంఖ్య 5 కోట్ల 90 లక్షలకు చేరింది.

ధర తగ్గడంతో పల్లె కూడా వీడియో తీయడం మొదలుపెట్టింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి యువకులు తమ ఊరి మాటనే, ఊరి మనుషులనే చూపుతూ 'మై విలేజ్ షో' నడిపారు. పొలం పనులు చేసుకునే గంగవ్వ అందులో నటించి, 2020 నాటికి టెలివిజన్ బిగ్‌బాస్ కార్యక్రమం దాకా వెళ్లారు. 1975లో నగరం తీసి పల్లెకు చూపింది. ఇప్పుడు పల్లె తీసి, విదేశాలలో ఉన్న తెలుగువారికి సైతం చూపుతోంది. ఇది చిన్న మార్పు కాదు.

డబ్బు ఎక్కడి నుండి?

మనం డబ్బు చెల్లించకుండానే చూస్తున్నాం. మరి ఖర్చు ఎవరు భరిస్తున్నారు? ప్రకటనదారులు. 2007లో యూట్యూబ్ ప్రకటనల ఆదాయంలో వీడియో తీసినవారికి వాటా ఇవ్వడం మొదలుపెట్టింది. నిడివి గల వీడియోలకు ఆ వాటా 55 శాతం. 2018 నుండి నిడివి గల వీడియోలతో ఈ వాటా పొందాలంటే కనీసం 1000 మంది చందాదారులు, ఒక సంవత్సరంలో 4000 గంటల వీక్షణ ఉండాలన్న నియమం వచ్చింది. 4000 గంటలంటే 2,40,000 నిమిషాలు. ఒక్కొక్కసారి 10 నిమిషాలు చూస్తే 24,000 వీక్షణలు చాలు. 2 నిమిషాలకే వెళ్లిపోతే 1,20,000 వీక్షణలు కావాలి. చూసేవారిని పట్టి ఉంచడం ఎందుకు అంత ముఖ్యమయిందో ఈ లెక్కే చెబుతుంది.

ప్రచారం తీరు కూడా మారింది. ఒకప్పుడు సినిమా పాటలు క్యాసెట్లుగా విడుదలయ్యేవి. గోడ మీద పోస్టరు, రేడియోలో పాట, అంతే. 2020 జనవరిలో వచ్చిన 'అల వైకుంఠపురములో' చిత్రంలోని మొదటి పాట, సినిమాకు మూడు నెలల ముందే, 2019 సెప్టెంబరులో సాహిత్యం కనిపించే వీడియోగా ఆన్‌లైన్‌లో విడుదలయింది. పాటే సినిమాకు ప్రకటన అయింది. జనం దానిని ఒకరికొకరు పంపుకోవడమే పోస్టరు అంటించడం అయింది. ఇలాంటి ప్రచారంలో చూసేవాడే పనివాడు కూడా.

వస్తువులను పొగిడే వీడియోలు కూడా పెరిగాయి. మాట్లాడుతున్నది స్నేహితుడిలా మాట్లాడుతూ డబ్బు తీసుకున్న వ్యక్తి కావచ్చు. అందుకే మన దేశ ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో ఇటువంటి వీడియోలపై 'ప్రకటన' అని స్పష్టంగా తెలపాలని మార్గదర్శకాలు తెచ్చింది. ఆ మాట ఉందో లేదో చూసే అలవాటు చేసుకోండి.

నాలుగవ మార్పు: కొలత

ఇప్పుడు మొదట్లో చెప్పిన నాలుగవ మార్పుకు వద్దాం. యూట్యూబ్ మొదట ఒక వీడియోను ఎందరు తెరిచారో లెక్కించి, దానిని బట్టి ఇతరులకు సూచించేది. దానితో ఆకర్షణీయమైన శీర్షిక పెట్టి లోపల ఏమీ లేని వీడియోలు పెరిగాయి. 2012లో పద్ధతి మార్చి, ఎంతసేపు చూశారో లెక్కించడం ప్రారంభించింది. చూసిన సమయంలో 70 శాతానికి పైగా కంప్యూటర్ సూచనల వల్లనే వస్తోందని 2018లో ఆ సంస్థ ఉన్నతాధికారి ఒకరు చెప్పారు. అంటే మనం ఎంచుకున్నామనుకునే వాటిలో చాలా భాగం మనకు వడ్డించినవే.

2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. కొద్ది వారాలలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మన దేశంలో ఆ ఖాళీని నింపడానికి వచ్చాయి. నిమిషం లోపు వీడియో, వేలితో ఒక తోపు, మరొక వీడియో. ఎంతసేపు నిలిచారన్న కొలత సెకన్లలోకి దిగింది.

దీని ఫలితం నాకు స్వయంగా అనుభవమయింది. 2020లో బడులు మూతబడినప్పుడు నేను 14 నిమిషాల పాఠం ఒకటి తీసి ఆన్‌లైన్‌లో పెట్టాను. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, దానిపై గాజు గ్లాసు బోర్లించే ప్రయోగం అది. మంట ఆరిపోతుంది, నీరు గ్లాసులోకి ఎక్కుతుంది. "ఆక్సిజన్ ఖర్చయిపోయింది కాబట్టి నీరు ఎక్కింది అని చాలామంది అంటారు. అది నిజమేనా?" అని అడిగి, తర్వాత మూడు కొవ్వొత్తులతో ప్రయోగం మళ్లీ చేశాను. గ్లాసు అదే, అందులోని ఆక్సిజన్ అంతే. అయినా నీరు మరింత ఎత్తుకు ఎక్కింది. ముఖ్యమైన కారణం వేడి. గ్లాసు బోర్లించేటప్పుడు వేడెక్కి వ్యాకోచించిన గాలి కొంత బయటకు పోతుంది. మంట ఆరాక లోపలి గాలి చల్లబడి సంకోచిస్తుంది. బయటి గాలి పీడనం నీటిని లోపలికి నెడుతుంది.

పాఠం బాగా చూశారని సంతోషపడ్డాను. తర్వాత ఏ నిమిషం దాకా ఎందరు నిలిచారో చూపే గ్రాఫు తెరిచాను. నీరు ఎక్కగానే సగానికి పైగా వెళ్లిపోయారు! వారు వినివెళ్లిన చివరి మాట ఆక్సిజన్ మాటే. నేను తప్పు అని చెప్పబోయిన విషయాన్నే వారు నిజమని పట్టుకుపోయారు. నా లెక్కలో వీక్షణలు పెరిగాయి, వారి లెక్కలో పొరపాటు పెరిగింది. ఆ వీడియోను తీసివేసి మళ్లీ తీశాను. ఈసారి మూడు కొవ్వొత్తులను మొదటి నిమిషంలోనే వెలిగించి, కారణాన్ని వెంటనే చెప్పాను. తప్పు నాదే. తరగతిలో తలుపు మూసి ఉంటుంది, ఇక్కడ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుందని నేను గ్రహించలేదు.

విజ్ఞానశాస్త్రంలో ఒక జాగ్రత్త నేర్పుతారు. దేనిని కొలుస్తున్నామో ముందు తెలుసుకోవాలి. ఉష్ణోగ్రతను కొలిచి ఉష్ణాన్ని కొలిచామనుకోకూడదు. 1975లో గ్రామానికి వెళ్లిన పరిశోధకుడు "ఏమి అర్థమయింది?" అని అడిగాడు. ఈనాటి యంత్రం ప్రధానంగా "ఎంతసేపు ఉన్నావు?" అని చూస్తుంది. ఇటీవల కొందరు ప్రేక్షకులను సంతృప్తి గురించి కూడా అడుగుతున్నారు గాని, సంతృప్తి వేరు, అవగాహన వేరు. ఆనాటి కొలత నెమ్మదిగా సాగేది, కొద్ది ఊళ్లకే పరిమితమయ్యేది. ఈనాటిది వేగంగా, కోట్లమందిని కొలుస్తుంది. కాని మొదటి ప్రశ్నకు దాని దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్న ఇప్పుడు మీరే వేసుకోవాలి. తీయడం సులభమయింది. చేర్చడం చవకయింది. చూసేవారి రోజు మాత్రం ఇప్పటికీ 24 గంటలే. ఆ గంటల కోసమే ఇంత పోటీ. అందుకే ఒక వీడియో ముగిసినప్పుడు, తర్వాతది దానంతట అది మొదలయ్యేలోపు, తెర ఆపి ఒక్క వాక్యం రాయండి: "దీనిలో నాకు తెలిసిన కొత్త విషయం ఇది." రాయగలిగితే మీరు చూసినది పాఠం. రాయలేకపోతే కాలక్షేపం. కాలక్షేపం తప్పు కాదు. రెండింటికీ తేడా తెలియకపోవడమే నష్టం.

ఆలోచించండి, చేయండి

1. సెకనుకు 10 లక్షల బిట్లు తీసుకునే 20 నిమిషాల పాఠానికి ఎన్ని మెగాబైట్ల డేటా ఖర్చవుతుంది? 10 లక్షల బైట్లను ఒక మెగాబైటుగా తీసుకోండి.
2. మీ ఊరి పెద్దలలో మొదటిసారి టెలివిజన్ చూసినవారిని కలుసుకోండి. ఎక్కడ, ఎందరితో కలిసి, ఏమి చూశారో రాసుకోండి.
3. ఒక గంటలో మీరు చూసిన వీడియోల జాబితా రాయండి. వాటిలో మీరు వెతికి చూసినవి ఎన్ని, వాటంతట అవే వచ్చినవి ఎన్ని?
4. కొవ్వొత్తుల ప్రయోగాన్ని పెద్దల సమక్షంలో చేయండి. నీరు మంట వెలుగుతుండగా ఎక్కువగా ఎక్కిందా, ఆరిన తర్వాతనా? గమనించి కారణం చెప్పండి.